పదో డికాక్షన్

మా ఇంట్లో రెండో డికాక్షన్ అంటే చిన్నచూపు. ఫిల్టర్లో మొదట దిగింది నాన్నకి, వచ్చిన చుట్టాలకి. అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోసి దించింది పిల్లలకి, ఇంకా మిగిలితే మధ్యాహ్నం అమ్మకి. ఒకసారి పెళ్ళి సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్ళకి పొరపాటున రెండోది వెళ్ళిపోయిందట. మా నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ సంగతి తలుచుకుని తల పట్టుకునేది. అలాంటి ఇంట్లో పుట్టి, మొన్న ఆదివారం పూఅర్ అనే చైనా టీ ఆకు 7 గ్రాముల మీద పద్నాలుగు సార్లు నీళ్ళు పోసి, పద్నాలుగూ తాగి, అన్నిట్లోకీ తొమ్మిదోదీ పదోదీ బాగున్నాయన్నాను. ఇంట్లోవాళ్ళు నన్ను ఎలా చూశారో వేరే చెప్పక్కర్లేదు.

ఆ పొద్దున మా బావ కూడా ఉన్నాడు. మూడో కప్పుకే తేల్చేశాడు. "పాత ట్రంకుపెట్టె కడిగిన నీళ్ళలా ఉందిరా. దీనికా నువ్వు అంత డబ్బు పోసింది?" అని, పిల్లని డాన్సు క్లాసు నుంచి తీసుకురావాలని లేచి వెళ్ళిపోయాడు. నాలుగో కప్పు ఆయన కోసం పోసిందే, చల్లారిపోయింది.

ఈ పోస్టు సగం ఆయనకి జవాబు. మిగతా సగం నాకు నేను చెప్పుకోవాల్సింది. ఎందుకంటే బావ పూర్తిగా తప్పని నాకు కూడా నమ్మకం లేదు.

సరుకు ఏమిటంటే

పూఅర్ టీ యున్నాన్‌ది. చైనాకి నైరుతి మూల, బర్మా, లావోస్ సరిహద్దుల పక్కన. కోసిన పెద్దాకుని మూకుట్లో వేయించి, నలిపి, ఎండలో ఆరబెడతారు. మామూలు గ్రీన్ టీకి చేసినట్టు గట్టి వేడి పెట్టి ఆకుని పూర్తిగా చంపరు, కాస్త ప్రాణం మిగులుస్తారు. తర్వాత ఆవిరి పట్టి బిళ్ళగా నొక్కుతారు. బిళ్ళ 357 గ్రాములు. ఏడు బిళ్ళలు కలిపి వెదురు పొరల్లో చుట్టి కడితే రెండున్నర కిలోల కట్ట. మా అమ్మ మొదటిసారి బిళ్ళని చూసి "పిడక తెచ్చావేంట్రా" అంది. ఆకారం, రంగు, పక్కన లేచిన పీచు చూస్తే ఆవిడని తప్పు పట్టలేం.

ఇలా చేసిన పచ్చి రకాన్ని షెంగ్ అంటారు. కొత్తలో అది నోరు పట్టేసేంత వగరు. ఏళ్ళు గడిచేకొద్దీ గాలి, తేమ, సూక్ష్మజీవులు కలిసి ఆ వగరుని మెల్లగా కొరుక్కు తింటాయి. అన్నేళ్ళు ఆగలేనివాళ్ళ కోసం 1970లలో యున్నాన్ రాజధాని కున్‌మింగ్‌లో ఒక దగ్గరదారి తయారైంది. ఆకుని గుట్టగా పోసి, నీళ్ళు చల్లి, పైన కప్పేసి కొన్ని వారాల పాటు మాగేస్తారు. అది షౌ. మామిడికాయ చెట్టున పండటానికీ, కావు వేసి పండించడానికీ ఉన్న తేడా అనుకోవచ్చు. రెండూ పళ్ళే, రెండూ తినొచ్చు. కానీ ఒకటి చూపించి ఇంకొకటని అమ్మకూడదు. నేను మాట్లాడేది షెంగ్ గురించి.

నేను హాంకాంగ్‌లో నాలుగేళ్ళు పనిచేశాను. అక్కడ ఆదివారం పొద్దున డిమ్‌సమ్‌కి వెళ్తే ఏ టీ కావాలని అడుగుతారు. నాకు పేర్లు తెలియక పక్కవాళ్ళు చెప్పిందే చెప్పేవాణ్ణి. అది పోలే. పూఅర్‌నే కాంటనీస్‌లో అలా అంటారు. నల్లగా ఉండేది, మట్టి వాసన. మొదటి ఏడాదంతా దాన్ని మందులా మింగాను. నూనె వంటకాల మధ్య అది నోటిని కడిగేస్తుందని తర్వాత తెలిసింది. ఆ తర్వాత ఆఫీసులో ఒకాయన ఇల్లు మారుతూ, వాళ్ళ నాన్న దాచిన బిళ్ళల్లో ఒకటి నాకు అమ్మాడు. ఆ నెల ఇంటద్దెలో నాలుగో వంతు ఇచ్చి కొన్నాను. "97 కంటే ముందుది" అన్నాడు. హాంకాంగ్‌వాళ్ళు చాలా విషయాలకి అదే గీత గీస్తారు, బ్రిటిష్‌వాళ్ళు అప్పగించి వెళ్ళకముందు, వెళ్ళాక అని.

నా దగ్గరున్న రుజువు ఆ ఒక్క మాటే.

కాగితం చెప్పదు

బిళ్ళ చుట్టూ పల్చటి కాగితం. దాని మధ్యలో ఆకుపచ్చ రంగులో "టీ" అనే చైనా అక్షరం, చుట్టూ ఎనిమిది ఎర్రటి "చుంగ్" అక్షరాలు. చైనా ప్రభుత్వ టీ సంస్థ గుర్తు అది. ఆ కాలంలో ఈ కాగితం మీద తయారీ తేదీ వేసేవారు కాదు. ఏ మిశ్రమమో చెప్పే అంకె కూడా ఉండేది కాదు. ఆ అంకె, కట్టలు సర్దే బుట్టలో పెట్టే పెద్ద చీటీ మీద మాత్రమే ఉండేది. బుట్ట విప్పి బిళ్ళలు పంచుకుంటే చీటీ ఒకరి దగ్గర మిగిలిపోతుంది, మిగతావాళ్ళ బిళ్ళలు అనాథలు.

ఆ అంకెల లెక్క మాత్రం సరదాగా ఉంటుంది. ఉదాహరణకి 7542. మొదటి రెండు అంకెలు ఆ మిశ్రమం తయారుచేసిన సంవత్సరం, 1975. మూడోది ఆకు సైజు తరగతి. చివరిది ఫ్యాక్టరీ, 2 అంటే మెంగ్‌హాయ్. కొత్తగా దిగినవాళ్ళు 7542 చూసి 1975 నాటి టీ దొరికిందని మురిసిపోతారు. అది వంటకం పుట్టిన ఏడాది, ఈ బిళ్ళ పుట్టిన ఏడాది కాదు. నిరుడు చేసిన బిళ్ళ మీద కూడా 7542 అనే ఉంటుంది. దుకాణాల వాళ్ళందరూ ఈ సంగతి విడమరిచి చెప్తారని అనుకోకండి.

అంటే కాగితం మార్చొచ్చు, మాట మార్చొచ్చు. 1990లలో తైవాన్, హాంకాంగ్‌లలో పాత పూఅర్ మోజు మొదలయ్యాక "పాతబడే కొద్దీ పరిమళం" అనే మాట ఒక మంత్రంలా తిరిగింది. ధరలు పెరిగాయి, తాగనివాళ్ళు కూడా కొని దాచారు. 2007లో ఆ బుడగ పగిలి చాలామంది మునిగారు. ఇప్పుడు ఎవరైనా "ఇది ముప్ఫై ఏళ్ళది" అంటే నేను తలూపి ఊరుకుంటాను. నాకు అమ్మినాయన మీద అనుమానం ఉండి కాదు. వాళ్ళ నాన్నకి అమ్మినవాడు ఏం చెప్పాడో ఆయనకి మాత్రం ఏం తెలుసు?

మరి కాగితం చెప్పనిది ఎవరు చెప్పాలి? కప్పే చెప్పాలి. అయితే ఏ కప్పు? మా బావతో నా తగాదా అంతా ఇక్కడే.

ఆదివారం పొద్దున

బిళ్ళని విడగొట్టడానికి చైనావాళ్ళు ఒక సన్నటి కత్తి వాడతారు. నా దగ్గర దబ్బనం ఉంది, గోనె సంచులు కుట్టేది. నిజానికి దానికంటే ఇదే నయం. పక్క నుంచి గుచ్చి మెల్లగా పైకెత్తితే పొరలు పొరలుగా ఊడొస్తుంది. గట్టిగా పొడిస్తే ఆకు ముక్కలై, ముక్కలైన ఆకు ఒకేసారి చేదంతా కక్కేస్తుంది. 7 గ్రాములు తూచి, 110 మిల్లీలీటర్ల గైవాన్‌లో వేశాను. గైవాన్ అంటే మూతా సాసరూ ఉన్న చిన్న కప్పు. మూత కాస్త జరిపి వంచితే ఆకు లోపలే ఉండి టీ బయటకి వస్తుంది. మొదట్లో వేళ్ళు కాలతాయి, తర్వాత అలవాటవుతుంది. నీళ్ళు మరుగుతూనే ఉండాలి. హైదరాబాద్ ఎత్తుకి మన మరిగే నీళ్ళు 98 డిగ్రీలే. 1,900 మీటర్ల ఎత్తున ఉన్న కున్‌మింగ్‌లో 94 కూడా దాటవు. కాబట్టి డిగ్రీల గురించి మరీ పట్టుదలకి పోనక్కర్లేదు. బోరు నీళ్ళు మాత్రం వద్దు, టీ చచ్చిపోతుంది.

మొదటి నీళ్ళు తాగరు. పోసి వెంటనే వంపేస్తారు. ఆకు దుమ్ము పోతుంది, బిళ్ళ కాస్త వదులవుతుంది. వంపేశాక మూత తీసి అమ్మ ముక్కు దగ్గర పెట్టాను. ఆవిడ ఒక క్షణం ఆగి "మా నాన్నగారింట్లో ధాన్యం కొట్టు" అంది. "వానాకాలం తలుపు తీస్తే ఇదే వాసన."

మొదటి కప్పు పది సెకన్లు. రంగు పల్చటి చింతపండు రసం. నోట్లో పెద్దగా ఏమీ లేదు, రుచి కంటే వాసనే ఎక్కువ. రెండోది కుంకుడు రసమంత చిక్కగా దిగింది. తడిసిన చెక్క, పాత కాగితాలు, ఆ వెనక ఎక్కడో కర్పూరం. హారతి కర్పూరం ఘాటు కాదు, గుళ్ళో తీర్థంలో పచ్చకర్పూరం తగిలీ తగలనట్టు ఉంటుంది చూశారా, అంత. మూడోది ఇంకా చిక్కన. నాలుక మీద బరువుగా, నునుపుగా. బావ ట్రంకుపెట్టె తీర్పు ఇచ్చింది దీనికే. ఒప్పుకుంటున్నాను, ట్రంకుపెట్టె ఉంది అందులో.

నాలుగోది ఎప్పుడూ నన్ను ఆశ్చర్యపరుస్తుంది. అంతవరకు పడుకున్న చేదు ఒక్కసారి లేచి కూర్చుంటుంది. బిళ్ళ మధ్యలో బిగుసుకుపోయిన ఆకు అప్పుడే విచ్చుకుంటుంది కాబట్టి అలా అవుతుందని నా ఊహ. చేదే, వగరు కాదు. కొత్త షెంగ్‌లో బుగ్గలు లోపలికి లాగే వగరు ఉంటుంది, దీంట్లో అది అరిగిపోయింది. ఐదో కప్పుకి చేదు దిగింది. ఆ చేదు ఉన్న చోటే, మింగిన అర నిమిషానికి, తీపి ఊరింది. చైనావాళ్ళు దీన్ని హుయ్ గాన్ అంటారు, తిరిగొచ్చే తీపి అని. మనకి దీనికి పేరు లేకపోవచ్చు, అనుభవం మాత్రం చిన్నప్పటిది. ఉసిరికాయ కొరికి మంచినీళ్ళు తాగితే ఏమవుతుంది? అదే ఇది. పైగా చైనా భాషలో ఉసిరికాయ పేర్లలో ఒకదానికి అర్థం "తీపి మిగిల్చే కాయ" అనే. యున్నాన్ కొండల్లో ఉసిరి బాగా కాస్తుంది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు ఎందుకో చాలా సంతోషమేసింది.

ఆరు, ఏడు కప్పులకి ధాన్యం కొట్టు వాసన మాయం. చెక్క మిగిలింది, కానీ ఎండిన చెక్క. తాటిబెల్లం ఛాయ. ఎనిమిదో దానికి నీళ్ళు ఇరవై సెకన్లు ఉంచాల్సి వచ్చింది, తొమ్మిదోదానికి నలభై. తొమ్మిదీ పదీ గురించి చెప్పాలంటే నాకు మాటలు తక్కువ. రంగు తేనెలా తేటపడింది. నోట్లో దాదాపు ఏమీ లేనట్టే ఉంటుంది. మింగాక గొంతులో చల్లగా తగులుతుంది, ఊపిరి వదిలితే మళ్ళీ కర్పూరం. తాగుతున్నప్పుడు కంటే తాగాకే ఎక్కువ ఉంది. పదకొండు నుంచి పద్నాలుగు దాకా గంజి తేటలాంటి తీపి, అంతే, ఇంకేమీ లేదు. చివరిది ఐదు నిమిషాలు నానింది.

తర్వాత ఆకుని పళ్ళెంలో పరిచి చూశాను. ముదురు గోధుమ రంగు, వేళ్ళ మధ్య సాగదీస్తే తోలులా వంగింది, చివికిపోలేదు. రెండు మూడు ఆకులు నా బొటనవేలి కంటే పెద్దవి. మాగేసిన షౌ ఆకైతే నల్లగా ఉండి, నలిపితే మెత్తటి ముద్దవుతుంది, లేదా బొగ్గులా గట్టిపడుతుంది.

మొదట మాట్లాడేది గోదాము

నా వాదన ఇది. పాత షెంగ్‌లో మొదటి మూడు నాలుగు కప్పులు చెప్పేది ఆకు గురించి కాదు, అది పడుకున్న చోటు గురించి. ఆ చోటు మాట అయిపోయాకే ఆకు మాట మొదలవుతుంది. మూడో కప్పుకి లేచి వెళ్ళిపోయినవాళ్ళు గోదాముని రుచి చూసి టీ మీద తీర్పు చెప్తున్నట్టు.

హాంకాంగ్ వ్యాపారులు ఒకప్పుడు టీని కావాలనే తేమ ఉన్న కింది అంతస్తు గోదాముల్లో పెట్టేవారు. అసలే తేమ ఊరు, దానికి తోడు గాలాడని గది. కొన్నేళ్ళకి టీ నల్లబడి, వగరు చచ్చి, హోటళ్ళకి పనికొచ్చేలా తయారయ్యేది. అప్పుడు దాన్ని పొడిగా ఉండే గదికి మార్చి ఆ ముక్కిన వాసన పోయేదాకా ఉంచేవారు. కున్‌మింగ్‌లో దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. చల్లటి, పొడి ఊరు, అక్కడ ఇరవై ఏళ్ళ బిళ్ళ కూడా ఇంకా కుర్రదానిలా ప్రవర్తిస్తుంది. హాంకాంగ్‌లోనే పొడిగా నిలవ చేసిన 1988-92 మధ్య నాటి 7542 బిళ్ళలకి 88 చింగ్ అని పేరు వచ్చి, ధర ఆకాశానికి వెళ్ళింది. ఒకే ఫ్యాక్టరీ, ఒకే మిశ్రమం, ఇంచుమించు ఒకే ఈడు. పక్క వీధిలో తడి గోదాములో పెరిగిన దాని అన్నదమ్ములకి ఆ విలువ లేదు. కాబట్టి "ఎన్నేళ్ళది?" అనేది సగం ప్రశ్నే. "ఎక్కడ ఉంది?" అనేది మిగతా సగం, నా లెక్కలో పెద్ద సగం.

ఈ తేడా మనకి తెలియంది కాదు. పాత బియ్యం అంటే కేవలం ఏడాది దాటిన బియ్యం కాదు కదా. పురుగు పట్టకుండా, చెమ్మ తగలకుండా ఏడాది దాటినవి. చెమ్మ తగిలిన రెండేళ్ళ బియ్యాన్ని పాతవని ఎవరూ మెచ్చుకోరు, ముక్కిపోయాయంటారు.

నా బిళ్ళ సంగతికొస్తే, ఎనిమిదేళ్ళుగా హైదరాబాద్‌లో ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి గాలికి అది పాపం అప్పడంలా ఎండిపోతుంది. వానలు పడ్డాక కాస్త తేరుకుని వాసన ఇస్తుంది. జాడీలో పెట్టుకోమని అమ్మ సలహా. మా ఇంట్లో ఖాళీగా ఉన్న ఒకే ఒక్క జాడీలో నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆవకాయే ఉండేది. టీ ఆకు పక్కనున్న వాసనంతా లాక్కుంటుంది. ఆ ప్రయోగం నేను చేయను.

బావ ఫోను

నేను పద్నాలుగు కప్పుల ఘనత వాట్సాప్‌లో పెట్టగానే బావ ఫోను చేశాడు. ఆయన అభ్యంతరం గట్టిదే. "పది కప్పులు తాగాక నోరు మొద్దుబారిపోతుంది రా. అప్పుడు వేణ్ణీళ్ళు ఇచ్చినా తియ్యగానే ఉంటాయి. పైగా అంత డబ్బు పెట్టావు, బాగోలేదని నువ్వెలా అంటావు?"

రెండో ముక్కకి నా దగ్గర జవాబు లేదు. డబ్బు పెట్టినవాడి నాలుకని కోర్టులో సాక్ష్యానికి తీసుకోరు, తీసుకోకూడదు కూడా. పైగా ఏడెనిమిది కప్పులయ్యేసరికి నాకు ఒళ్ళు కాస్త తేలికగా, తల కాస్త హుషారుగా ఉంటుంది. దీన్ని టీలోని "చీ" అని, ప్రాణశక్తి అని పెద్ద పెద్ద మాటలు చెప్పేవాళ్ళున్నారు. నేను కెఫీన్ అంటాను. కెఫీన్ ఎక్కినవాడికి అన్నీ బాగానే ఉంటాయి.

మొదటి ముక్కకి మాత్రం చిన్న పరీక్ష చేశాను. మర్నాడు మళ్ళీ అదే టీ పెట్టి, మూడో కప్పుదీ పదో కప్పుదీ వేరువేరు ఫ్లాస్కుల్లో పోసి ఉంచాను. మధ్యాహ్నం అమ్మ నిద్ర లేచి ముఖం కడుక్కుని వచ్చాక, ఏమీ చెప్పకుండా రెండు స్టీలు గ్లాసుల్లో ఇచ్చాను. రంగు తెలియకూడదని స్టీలువి. అమ్మ పుట్టి బుద్ధెరిగాక కాఫీ తప్ప వేరేది తాగిన మనిషి కాదు. మొదటి గ్లాసు చప్పరించి పక్కన పెట్టింది. రెండోది సగం తాగి "ఇది ఇంకో రకం కదా? ఇది బావుంది. కడుపు తేలిగ్గా ఉన్నప్పుడు తాగొచ్చు" అంది. అది పదోది. అలిసిపోని నోరు, డబ్బు పెట్టని నోరు, రెండూ ఒకే టీ అని కూడా తెలియని నోరు. ఒక్క మనిషితో చేసిన పరీక్షకి ఎంత విలువ ఉండాలో అంతే ఇవ్వండి. నాకు మాత్రం కొంత ధైర్యం వచ్చింది.

నేను మోసపోయిన సంగతి

ఇక నా వాదనకి నేనే గండి కొట్టాలి. హాంకాంగ్‌లో ఉన్నప్పుడు ఒకసారి సరిహద్దు దాటి ఒక పెద్ద టీ బజారుకి వెళ్ళాను. ఒక దుకాణంలో ఇరవై ఏళ్ళ షెంగ్ అని రుచి చూపించారు. మూడు కప్పులు తాగించారు. నల్లగా, నునుపుగా, చేదే లేకుండా ఉంది. అబ్బా అనుకుని కొన్నాను. ఇంటికొచ్చి తీరిగ్గా పెట్టుకుంటే ఐదో కప్పుకి పల్చబడింది, ఆరోది రంగునీళ్ళు. దుకాణంలో నాలుగోది ఎందుకు పోయలేదో అప్పుడు అర్థమైంది. చాలా ఏళ్ళు ఈ కథని "అది పాతది కాదు, షౌ కలిపారు" అని చెప్పుకుంటూ తిరిగాను. తోక, అంటే చివరి కప్పులు, చూస్తే వయసు తెలుస్తుందని నా సిద్ధాంతం అక్కడే పుట్టింది.

కానీ అది నిజం కాకపోవచ్చు. ఆ బిళ్ళ నిజంగానే ఇరవై ఏళ్ళది అయ్యుండొచ్చు. మరీ తడి గోదాములో పడి ఉంటే మంచి ఆకు కూడా లోపల డొల్ల అవుతుంది. అప్పుడు మొదటి కప్పులు నల్లగా ఊరిస్తాయి, చివరి కప్పుల్లో ఏమీ మిగలదు. లేదా మొదటి నుంచే నాసి ఆకు అయ్యుండొచ్చు, నాసి ఆకు ముప్ఫై ఏళ్ళు దాచినా ముప్ఫై ఏళ్ళ నాసి ఆకే. ఇంకో వైపు నుంచి చూస్తే, మంచి తోటలోని ఐదేళ్ళ షెంగ్ కూడా పదిహేను సార్లు నీళ్ళు పోసినా నిలబడుతుంది. అంటే తోక పొడుగు చూసి వయసు లెక్కకట్టలేం. ఇన్నాళ్ళూ నేను చెప్పుకున్నది కొంత వెనక్కి తీసుకోవాల్సిందే. చివరి కప్పులు టీ వయసు చెప్పవు. దాచిపెట్టడానికి తగిన ఆకేనా, సరిగ్గా దాచారా, ఆ రెండే చెప్తాయి. కొనేవాడికి కావాల్సింది కూడా ఆ రెండే అని ఇప్పుడు అనుకుంటున్నాను. నా బిళ్ళ 97కి ముందుదా, 2001దా అనేది నాకు ఇక ఎప్పటికీ తెలియదు. తొమ్మిదో కప్పు తాగుతున్నప్పుడు ఆ బెంగ రాలేదు.

ఒకే జాతి ఆకు

మా బావకి ఓపిక లేదని నేను అనను. ఆయన పారడైజ్ సెంటర్ దగ్గర ట్రాఫిక్‌లో రోజూ గంట కూర్చునే మనిషి. ఓపిక లేనిది మనకి అలవాటైన టీకి. మన టీలో ఎక్కువ భాగం అస్సామికా అనే పెద్దాకు రకం, యున్నాన్ పూఅర్ కూడా ఆ రకమే. ఆ ఆకుని 1930ల మొదట్లో అస్సాంలో వచ్చిన సీటీసీ యంత్రంలో వేస్తే, నలిపి, చీల్చి, చిన్న చిన్న గుళ్ళుగా చుట్టేస్తుంది. ఒక్క ఉడుకులో ఉన్నదంతా బయటపడాలి, పాలూ చక్కెరా పోసినా రంగు నిలబడాలి. దాని పని అది. ఇరానీ హోటల్లో దాన్ని మూత బిగించి గంటల తరబడి మరిగిస్తారు. దాంట్లో దాచుకోవడానికి ఏమీ మిగలదు, మిగలకూడదు కూడా. నాకు ఇరానీ చాయ్ అంటే ప్రాణం. కానీ అది తాగే నోటితో పూఅర్ మొదటి కప్పు తాగితే, ఉన్నదంతా ఇదేనని అనుకుంటాం.

అలాగని పాతబడే టీ అంటే చైనావాళ్ళ వింత అని తోసేయడానికి కూడా లేదు. అస్సాం, అరుణాచల్‌లలో ఉండే సింగ్‌ఫోలు ఆకుని పెనం మీద వేయించి, ఎండబెట్టి, వెదురు గొట్టాల్లో కూరి, పొయ్యి పైన పొగకి పెడతారు. ఫాలప్ అంటారు దాన్ని. గట్టిపడ్డాక చక్రాల్లా కోసుకుని ఏళ్ళ తరబడి వాడుకుంటారు. ఒక చిన్న ముక్క మీద మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోసుకుంటారు. సింగ్‌ఫోలూ యున్నాన్‌లోని జింగ్‌పోలూ ఒకే జనం, మధ్యలో ఎవరో గీసిన సరిహద్దులు. పాత పూఅర్‌కి వేలం ధరలు, కథలు, దొంగ కాగితాలు వచ్చి చేరాయి. ఫాలప్ మాత్రం ఇంకా పొయ్యి మీదే ఉంది. నాకు ఒకసారి దొరికింది, పొగ వాసన ఎక్కువ. ఆరో కప్పుకి పొగ పోయింది.

బిళ్ళలో ఇంకా 140 గ్రాములుంది, ఇరవై ఆదివారాలకి సరిపోతుంది. వాడేసిన ఆకుని అమ్మ కరివేపాకు మొక్కకి వేస్తోంది. దసరాకి బావ వస్తానన్నాడు. ఈసారి ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు మొదటి నాలుగు కప్పులూ నేనే తాగేసి, ఐదోది మొదటిదని ఇస్తాను. ఆ దుకాణంవాడు నాకు చేసిందానికి ఇది తిరగబెట్టిన మోసమే. బావ ఈ పోస్టు చదవడు కాబట్టి ఇబ్బంది లేదు.